నిత్యజ్యోతి

బ్రెజిల్ దేశంలో సావో పౌలో పరిసరాలలోని అట్లాంటిక్ వర్షారణ్యంలో పగటివేళ సంచరించేవారి దృష్టికి ఈ పుట్టగొడుగు ఆనదు. రాలిపడి కుళ్ళుతున్న పుల్లలపై మొలిచే దీని గొడుగు 8 మిల్లీమీటర్ల వ్యాసానికి మించదు, శనగగింజంత అన్నమాట. కాడ సన్నగా, జిగురు పూసినట్లుంటుంది. చీకటి పడిన పిమ్మట ఆ కాడయే పసుపు కలిసిన ఆకుపచ్చని కాంతిని వెలువరిస్తుంది. మిణుగురు ఆగి ఆగి మెరుస్తుంది. ఇది రేయింబవళ్ళు ఎడతెగక వెలుగుతుంది. పగటి వెలుతురులో ఆ కాంతి మన కంటికి కనిపించదు, అంతే.

అందుకే అమావాస్య రాత్రులలో అడవిలో చెట్లకు ఢీకొంటూ, విషసర్పాలకు వెరస్తూ శాస్త్రజ్ఞులు ఇటువంటి వాటిని వెదకవలసి వచ్చింది. అమెరికా శాస్త్రజ్ఞుడు డెనిస్ డెజార్డిన్, బ్రెజిల్‌కు చెందిన కాసియస్ స్టెవానీ మొదలైనవారు 2009లో దీనిని లోకానికి వెల్లడించి 'మైసీనా లక్స్‌ఎటెర్నా' అని నామకరణం చేశారు. లాటిన్‌లో దీనికి 'నిత్యమైన వెలుగు' అని అర్థం. 1791లో మరణించిన మోజార్ట్ అసంపూర్ణంగా విడిచిన 'రెక్వియమ్' నుండి ఆ పేరును గ్రహించారు. అది మృతులకై పాడే ప్రార్థనాగీతం. చచ్చిన కొమ్మలను ఆశ్రయించి బ్రతికే జీవికి అంతకంటె తగిన పేరు దొరకదు. పుట్టపై మొలిచే గొడుగు కనుక మనవారు పుట్టగొడుగు అన్నారు. వారు చోటును, ఆకారాన్ని చూశారు, వీరు వెలుగును చూశారు.

లూసిఫెరిన్ అనే పదార్థం ఒక ఎంజైము సాయంతో ఆక్సిజన్‌తో కలిసినప్పుడు ఈ కాంతి పుడుతుంది. అందులో దీపపు వేడిమి ఉండదు. 2020లో మరొక వెలుగు శిలీంధ్రపు జన్యువులను పొగాకు మొక్కలలో ప్రవేశపెట్టగా, ఆ మొక్కలు కూడా వెలిగాయి.

ఇంతకూ ఆ వెలుగు ఎందుకు? బ్రెజిల్‌లోనే పెరిగే మరొక పెద్ద జాతిపై జరిపిన పరిశీలన 2015లో వెలువడింది. అడవిలో ఉంచిన కృత్రిమ పుట్టగొడుగులలో పచ్చని దీపమున్న వాటికి కీటకాలు ఎక్కువగా చేరాయి. సిద్ధబీజాలను దూరప్రాంతాలకు మోసుకుపోయేవారిని పిలిచే ఉపాయమిది కావచ్చునని ఊహించారు. అయితే ఆ జాతి రాత్రివేళనే అధికంగా వెలుగుతుంది. పగలు కూడా వెలిగే నిత్యజ్యోతికి ఆ సమాధానం పూర్తిగా అన్వయించదు.

ఆ ప్రశ్న తేలాలంటే అడవి నిలవాలి. చెరకు, కాఫీ తోటలకు, నగరాలకు చోటిచ్చి అట్లాంటిక్ అరణ్యం ఇప్పటికే అధికభాగం అంతరించింది. మిగిలినది తునకలు తునకలుగా ఉన్నది. పెద్ద చెట్టు కూలిన చోట ఎండ నేల దాకా దిగుతుంది. రాలిన పుల్లలు ఎండిపోతాయి. తడి లేని పుల్లపై ఈ గొడుగు మొలవదు.