తలక్రిందులైన సర్కారీ

చార్మినారు నుండి పత్తర్‌గట్టి వైపు నడచునప్పుడు, రాతి కమానుల క్రింద అత్తరు సీసాలవారిని, ముత్యాల దుకాణములవారిని దాటి కొంత దూరము పోయినచో, కాలిబాట అంచున గుడ్డ పరచుకొని పాత నాణెములు, తుప్పు పట్టిన తాళములు, రంగు వెలసిన కార్డులు పేర్చుకొని కూర్చుండు పెద్దవారు అప్పుడప్పుడు కనబడుదురు. గడచిన చలికాలమున అట్టి వృద్ధుడొకడు నా చేతిలో ఒక పాత కవరు పెట్టి, దానిపై నున్న గోధుమవన్నె అర్ధణా తపాలా బిళ్ళను గోటితో చూపి, “ఉల్టా ఛాపా సాబ్, గౌర్ సే దేఖియే” (తలక్రిందుల అచ్చు, శ్రద్ధగా చూడుడు) అనెను. బిళ్ళ నిజాము ప్రభుత్వమువారిది. దానిపై నల్లని సిరాతో ‘సర్కారీ’ అను మాట తరువాత అచ్చువేయబడి యున్నది. ఆ మాటకు ఉర్దూ లిపిలో ఒక్క చుక్కయైనను లేదు గనుక, ఆ లిపి రానివారికి అది సరిగా నున్నదో తలక్రిందులుగా నున్నదో తోచదు. కాఫు, అలిఫు అక్షరముల గీతలు పైకి లేచి నిలువవలసి యుండగా క్రిందికి వ్రేలాడుటయు, చివరనుండు ‘యే’ యొక్క గిన్నె బోర్లపడి పైన నుండుటయు మాత్రమే గుర్తులు. భూతద్దము తీసి చూచితిని; గీతలు క్రిందికే వ్రేలాడుచున్నవి.

అచ్చు చెడిన పుస్తకమును అంగడివానికి మారుమాట లేకుండ తిప్పి యిత్తుము. నేత తప్పిన చీరను బేరములో సగమునకు దింపుదుము. తపాలా బిళ్ళ విషయమున మాత్రము తప్పే ధర పెంచుట మొదట వింతగా తోచును. అయితే బిళ్ళ యనునది ప్రభుత్వపు ద్రవ్యముతో సమానమైన కాగితము. దాని నచ్చువేయు చోట ప్రతి తావును లెక్కింతురు, పరీక్షింతురు, చెడిన తావును నాశనము చేయుదురు. ఇన్ని కన్నులను తప్పించుకొని ఒక చెడిన తావు పోస్టాఫీసు కిటికీ దాటి బయటపడినదనగా, లక్షలకొలది ఒకే తీరున నున్న బిళ్ళల నడుమ, ఒక అచ్చుపనివాడు ఒక దినమున ఒక క్షణమున తావును ఇటు పెట్టవలసినది అటు పెట్టినాడను వార్త దానిపై శాశ్వతముగా నిలిచిపోయినదన్నమాట. మచ్చలేని బిళ్ళలో యంత్రము కనబడును. తప్పిన బిళ్ళలో మనిషి కనబడును. సేకరణ చేయువారు ధర చెల్లించుట ఆ మనిషి జాడకేనని నా నమ్మిక.

ఇందులకు లోకప్రసిద్ధమైన నిదర్శనము అమెరికాలో 1918లో వెలువడిన 24 సెంట్ల విమానపు బిళ్ళ. ఎఱ్ఱని చట్రము ఒకసారి, నీలపు విమానము మరొకసారి అచ్చువేయవలసి యుండగా, ఒక తావు రెండవసారి తిరుగబడి యంత్రములోనికి పోయినది. ఆ తావులోని నూరు బిళ్ళలలోను విమానము ఆకాశమున తలక్రిందుగా ఎగురుచున్నది. మే 14వ తేదీన విలియం రాబీ అను యువకుడు వాషింగ్టనులో 24 డాలర్లిచ్చి ఆ తావును కొని, వారము తిరుగకమునుపే 15,000 డాలర్లకు అమ్మివేసెను. ఆ నూరింటిలో ఒక్క బిళ్ళ 2023లో ఇరువది లక్షల డాలర్లకు అమ్ముడుపోయినది. స్వీడను దేశపు 1855 నాటి బిళ్ళ కథ యింతకంటె సన్ననిది. ఆకుపచ్చగా నుండవలసిన మూడు స్కిల్లింగుల బిళ్ళ పసుపుపచ్చగా పడినది. పసుపు రంగున అచ్చువేయు ఎనిమిది స్కిల్లింగుల ఫలకములో మూడు స్కిల్లింగుల దిమ్మె ఒకటి పొరపాటున చేరుటయే దానికి కారణమని తలంతురు. నేటికి అట్టిది ఒక్కటే దొరకినది. అదియు ఒక పాఠశాల బాలునికి తన అమ్మమ్మ యింటి పాత ఉత్తరములలో కనబడగా, వాడు దానిని వర్తకునికి ఏడు క్రోనర్లకు అమ్మివేసెను. 1996లో అదే బిళ్ళ ఇరువది ఎనిమిది లక్షల స్విస్ ఫ్రాంకులు దాటి పలికినది.

మన దేశములోను ఇట్టిది కలదు. 1854లో కలకత్తాలో కెప్టెను థుల్లియరు పర్యవేక్షణమున అచ్చయిన నాలుగణాల బిళ్ళకు ఎఱ్ఱని చట్రము, నీలపు రాణి శిరస్సు. ఇక్కడను రెండు అచ్చులే, ఇక్కడను అదే తిరుగబాటు. కొన్నింటిపై విక్టోరియా రాణి తలక్రిందులైనది. మిగిలిన ఆ కొద్దిపాటి ప్రతులు భారతీయ బిళ్ళలలోకెల్ల అపురూపమైనవిగా నెంచబడుచున్నవి.

ఇక మన హైదరాబాదునకు వత్తము. మొదటి సాలార్‌జంగు దివానుగా నుండగా, ఆరవ నిజాము ఇంకను పసిబాలుడై యుండగా, 1869 సెప్టెంబరులో ఈ సంస్థానపు తొలి బిళ్ళ వెలువడినది. వెల ఒక అణా. 1871 మొదలు వచ్చిన వరుసలో మధ్యను పారసీ లిపి, చుట్టును ఆంగ్లము, మరాఠీ, తెలుగు కూడ నిలిచినవి. ఆ చిన్న కాగితముపై మన అక్షరమును మొదటిసారి భూతద్దములో చూచిన నాడు నాకు కలిగిన సంతోషము ఇప్పటికిని తగ్గలేదు. తరువాత 1931లో చార్మినారు ఒక అణా బిళ్ళపైకి, మూసీ యొడ్డున నున్న హైకోర్టు రెండణాల బిళ్ళపైకి ఎక్కినవి. 1937లో ఏడవ నిజాము రజతోత్సవమునకు చార్మినారు ప్రక్కనున్న యునానీ ఆసుపత్రి నాలుగు పైల బిళ్ళగా, ఏటికి ఆవలనున్న ఉస్మానియా ఆసుపత్రి ఎనిమిది పైల బిళ్ళగా ప్రజల చేతులకు వచ్చినవి. పాతబస్తీలో కాలినడకను పోవువానికి ఈ ఆల్బము సగము దారిలోనే యెదురగును.

అయితే ఈ బిళ్ళలలో తలక్రిందులైన చార్మినారును వెదకుట వ్యర్థము. చార్మినారు బిళ్ళ ఒకే రంగుది. ఒకసారి యంత్రములోనికి పోయి ఒకసారి వెలికి వచ్చినది. చట్రము వేరు, చిత్రము వేరు కానప్పుడు ఒకటి నిలిచి మరొకటి తిరుగబడుట కవకాశమెక్కడిది? కనుక ఇక్కడి తప్పులకు వేరు చోట్లున్నవి. బిళ్ళ అచ్చయిన పిమ్మట మరల దానిపై అక్షరము వేయవలసి వచ్చినప్పుడెల్ల, అనగా ప్రభుత్వ కచేరీల ఉత్తరములకై 1873 నుండి ‘సర్కారీ’ అను మాట వేసినప్పుడును, కాలణా బిళ్ళ లేకపోగా అర్ధణా బిళ్ళపైననే కాలణా వెల వేసినప్పుడును, తావు తిరుగబడుటకు దారి తెరచుకొన్నది. ఆ విధముగా తలక్రిందులైన ‘సర్కారీ’లును, తలక్రిందులైన కాలణాలును నిజముగా కలవు. తావు రెండుమార్లు అచ్చుపడి గీతలన్నియు జోడుగా కనబడు బిళ్ళలును కలవు. బిళ్ళకు బిళ్ళకు నడుమ పొడువవలసిన చిల్లుల వరుస తప్పిపోయిన జంటలును కలవు. పారసీ లిపిలో ఒక చుక్క రాలిపోయిన ప్రతులను గూడ సేకర్తలు వేరుచేసి భద్రపరతురు. చుక్క పోయిన మాత్రమున అక్షరమే మారిపోవు లిపి యది. తెలుగులో సున్న జారిన ‘పంట’ ‘పట’ యగును గదా, అట్లే. ఈ సూక్ష్మమును పట్టుటలో లండనులోని నిపుణుని కంటె పత్తర్‌గట్టి కాలిబాటపై ఉర్దూ పత్రిక చదువుకొను ముసలివానికే ఎక్కువ సౌకర్యమున్నది.

ప్రతి తప్పునకును ధర రాదు. సిరా పలుచనగుట, చిల్లులు కొంత ప్రక్కకు జరుగుట మొదలైనవి వింతలు మాత్రమే. వానికి వెల స్వల్పము. ఎన్ని మిగిలినవి, జిగురుతోనో ముద్రతోనో ఏ స్థితిలో నున్నవి, కోరువారెందరు అను మూటిపై ధర ఆధారపడును. 1962లో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శియైన డాగ్ హామర్‌షోల్డ్ స్మారకపు 4 సెంట్ల బిళ్ళ పసుపు రంగు తిరుగబడి అచ్చయి కొందరి చేత చిక్కగా, అమెరికా తపాలాశాఖాధిపతి కావలెనని అదే తప్పుతో కోట్లకొలది బిళ్ళలు మరల అచ్చువేయించెను. ఆ పిమ్మట ఆ తప్పు తప్పుగానే యున్నది, అరుదు మాత్రము కాకపోయినది. దానితో ధరయు పోయినది. ఆ పని నాకు నేటికిని అన్యాయముగానే తోచును.

అసలు తప్పు లేని బిళ్ళకు తప్పు కల్పించి అమ్మువారును లేకపోలేదు. అంచుల చిల్లులు కత్తిరించి చిల్లులు లేని బిళ్ళ యందురు. అందువలననే తెలిసినవారు ఒంటి బిళ్ళను నమ్మక, నడుమ చిల్లులు లేని జంటనే అడుగుదురు. రసాయనముతో రంగు మార్తురు. అన్నిటికంటె సులభమైనది, చౌక బిళ్ళపై చిన్న దిమ్మెతో ఒక మాట తలక్రిందుగా అద్దుట. పెద్ద ధర పలుకు వస్తువునకు లండను రాయల్ ఫిలాటెలిక్ సొసైటీ వంటి సంస్థల నిపుణుల ధ్రువపత్రము లేనిదే వేలమున నెవరును చేయి యెత్తరు.

అందుచేతనే పత్తర్‌గట్టిలో ఆ దినమున వృద్ధుడిచ్చిన కవరును మరల నెండకు పట్టి చూచితిని. తపాలా ముద్రలోని సిరా ఏండ్లు గడచి బూడిదవన్నెకు దిగినది. ‘సర్కారీ’ గీత ఆ ముద్ర మీదుగా, ఎక్కడను తెగకుండ, కాటుకవలె నల్లగా సాగినది. బిళ్ళ కచేరీ నుండి బయలుదేరి ముద్ర వేయించుకొన్నదే నిజమైనచో ముద్ర పైనను, అక్షరము క్రిందను ఉండవలెను. కవరు వెనుక చూడగా ఒక బట్టల వర్తకుని మొహరున్నది. సర్కారు బిళ్ళతో వర్తకునికేమి పని? అది నకలని తేలిపోయినది. వృద్ధుడు మోసగాడు కాడు; ఎవరి యింటి పాత పెట్టెతోనో వచ్చిన కట్టలో నున్నదానిని, తనకు చెప్పినట్లే నాకు చెప్పెను.

నేను చూచినది ఆయనకు చూపితిని. ఆయన చాలసేపు మాటాడలేదు. పిదప తన క్రింద పరచిన గుడ్డ మడత విప్పి మరొక కట్ట తీసెను. అందులోని బిళ్ళలు చాలవరకు కవరుల నుండి కత్తిరింపబడి యున్నవి. నా గుండె కలుక్కుమన్నది. ఏలయన చిన్ననాట మా మేనమామ యింటిలో నేనును పళ్ళెములో నీరు పోసి, నిజాము కాలపు కవరుల నానబెట్టి, బిళ్ళలు ఊడదీసి, కవరులను పొయ్యిలో వేసినవాడనే. ముద్ర, చిరునామా, తేదీ, అంచె మజిలీ అన్నియు ఆ పొగలోనే పోయినవి. “ఇకమీద కత్తెర వేయవద్దు భాయీసాబ్, కవరుతోనే ఉంచండి, తప్పు నిజమో కాదో చెప్పగల సాక్షి కవరే” అని బ్రతిమాలితిని.

ఆయన తల యూచి, నా చేతిలోని భూతద్దము అడిగి తీసికొని, కత్తిరింపబడని కవరుల నొక్కొక్కటిగా మోకాలిపై పెట్టుకొని చూడనారంభించెను. మక్కా మసీదు నుండి అసర్ నమాజు అజా వినబడు వేళకు ఆయన ఇంకను సగము కట్టలోనే యుండెను.