సెటిల్‌మెంట్ డబ్బు తీసుకున్నాక నిరుద్యోగ భృతి వస్తుందా?

ఈఎస్ఐ చందా కట్టిన దుకాణ, గోదాము, ఫ్యాక్టరీ ఉద్యోగుల కోసం

వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ బట్టల కొట్టు అనుకుందాం. మీరు ఎనిమిదేళ్ళుగా అక్కడ గుమాస్తా. వ్యాపారం తగ్గిందని యజమాని పిలిచి, "ఇక కుదరదు, లెక్క తేల్చేద్దాం" అన్నారు. కొంత డబ్బు చేతిలో పెట్టి, ఒక కాగితం ముందుకు జరిపి, సంతకం పెట్టమన్నారు. అందులో రెండే వాక్యాలు: "నా సొంత కారణాల వల్ల ఉద్యోగం మానేస్తున్నాను. నాకు రావాల్సినదంతా ముట్టింది."

డబ్బు చేతికొచ్చింది కదా అని చాలామంది అక్కడే సంతకం పెట్టేస్తారు. ఆ మొదటి వాక్యం వల్ల ఈఎస్ఐ నుంచి వచ్చే భృతి చేజారే ప్రమాదం ఉంది. అందుకే ఇది చదవండి, తోటి పనివారికి పంపండి.

సెటిల్‌మెంట్ తీసుకుంటే భృతి ఆగుతుందా?

ఆగదు. యజమాని ఇచ్చే పరిహారం వేరు, ఈఎస్ఐ ఇచ్చే భృతి వేరు. పరిహారం మీరు చేసిన సర్వీసుకు వచ్చేది. భృతి మీ జీతంలోంచి నెలనెలా కోసిన 0.75 శాతం, యజమాని కట్టిన 3.25 శాతం చందా మీద వచ్చే హక్కు. ఒకటి తీసుకుంటే రెండోది ఇవ్వకూడదని భృతి షరతుల్లో ఎక్కడా లేదు.

షరతుల్లో ఉన్నది వేరే మాట. స్వచ్ఛంద విరమణ తీసుకున్నవారికి, తప్పు చేసి శిక్షగా ఉద్యోగం పోయినవారికి, వయసు నిండి రిటైరైనవారికి భృతి రాదు. అంటే చూడాల్సింది ఎంత డబ్బు తీసుకున్నారని కాదు, ఉద్యోగం ఎలా పోయిందని కాగితంలో రాశారన్నది.

ఏయే పథకాలు ఉన్నాయి?

1. అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. 2018 జులై 1న మొదలైంది. మొదట్లో సగటు రోజు సంపాదనలో 25 శాతం ఇచ్చేవారు, 2020లో దాన్ని 50 శాతం చేశారు. గరిష్ఠంగా 90 రోజులకు ఇస్తారు. జీవితంలో ఒక్కసారే వాడుకోవచ్చు.

దీనికి కావాల్సినవి: ఉద్యోగం పోయే ముందు కనీసం రెండేళ్ళు ఈఎస్ఐ కింద పనిచేసి ఉండాలి. ఈఎస్ఐకి ఏడాదిలో రెండు చందా కాలాలు: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. ఉద్యోగం పోవడానికి ముందున్న చందా కాలంలో కనీసం 78 రోజులకు, దానికి ముందు మూడు కాలాల్లో ఏదో ఒకదానిలో మరో 78 రోజులకు చందా పడి ఉండాలి.

2. రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన. 2005 ఏప్రిల్ 1 నుంచి ఉంది. సంస్థ మూతపడినా, రిట్రెంచ్‌మెంట్ కింద తీసేసినా, పనితో సంబంధం లేని ప్రమాదం వల్ల 40 శాతానికి తగ్గని శాశ్వత వైకల్యం వచ్చినా ఇది వర్తిస్తుంది. గరిష్ఠంగా 24 నెలలు ఇస్తారు. ఆ కాలంలో మీకూ మీ కుటుంబానికీ ఈఎస్ఐ వైద్యం కూడా కొనసాగుతుంది. దీనికీ రెండేళ్ళ చందా ఉండాలి.

రెండు పథకాల డబ్బూ ఒకే కాలానికి రాదు. కొట్టు పూర్తిగా మూసేసినా, రిట్రెంచ్‌మెంట్ లెటర్ ఇచ్చి తీసేసినా రెండోదాని గురించి ముందు అడగండి, అది ఎక్కువ కాలం వస్తుంది. ఈ పథకాల గడువు ఎప్పటికప్పుడు పొడిగిస్తుంటారు కాబట్టి దరఖాస్తుకు ముందు బ్రాంచి ఆఫీసులో ఒక మాట కనుక్కోండి.

యువనేస్తంతో వీటికి సంబంధం లేదు. 2018 అక్టోబరు 2న మన రాష్ట్రంలో మొదలైన ఆ పథకం చదువుకుని ఉద్యోగం వెతుక్కునే యువత కోసం. ఇవి పనిచేస్తూ చందా కట్టినవారి కోసం.

లెక్క ఎలా వస్తుంది?

ఆ గుమాస్తా జీతం నెలకు 15,000 రూపాయలు అనుకుందాం.

పరిహారం: ఏడాది సర్వీసుకు 15 రోజుల సగటు వేతనం. అంటే సుమారు సగం నెల జీతం, 7,500. ఎనిమిదేళ్ళకు 60,000. దీనితోపాటు నెల ముందు నోటీసు, లేదా బదులుగా నెల జీతం. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోని ఈ 15 రోజుల లెక్కే 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. కొట్లలో పనిచేసేవారికి మన రాష్ట్ర 1988 దుకాణాలు, సంస్థల చట్టంలో 'సర్వీస్ కాంపెన్సేషన్' పేరుతో ఇదే లెక్క ఉంది.

గ్రాట్యుటీ: అయిదేళ్ళు దాటితే వస్తుంది. 15,000ను 26తో భాగించి, 15తో, మళ్ళీ 8తో గుణిస్తే సుమారు 69,230.

భృతి (మొదటి పథకం): రెండేళ్ళ జీతం 3,60,000. దాన్ని 730 రోజులతో భాగిస్తే రోజుకు సుమారు 493. అందులో సగం 246 రూపాయల 50 పైసలు. 90 రోజులకు దాదాపు 22,190 రూపాయలు నేరుగా మీ బ్యాంకు ఖాతాలో పడతాయి.

22 వేలంటే మూడు నెలల ఇంటద్దె, బియ్యం. ఒక్క వాక్యం చదవకుండా సంతకం పెట్టి దాన్ని వదులుకోవద్దు.

ఒక జాగ్రత్త: ఈఎస్ఐ రికార్డులో ఉన్న జీతాన్నే లెక్కలోకి తీసుకుంటారు. కొంత రికార్డులో చూపించి, మిగతాది చేతికి నగదుగా ఇచ్చే చోట ఆ నగదు ఈ లెక్కలోకి రాదు.

సంతకం పెట్టేముందు చూడాల్సినవి

ఒకటి, "సొంత కారణాల వల్ల మానేస్తున్నాను", "స్వచ్ఛందంగా విరమిస్తున్నాను" అన్న మాటలు ఉంటే మార్చమని అడగండి. నిజంగా జరిగింది తొలగింపు అయితే ఆ మాటే రాయాలి: "వ్యాపారం తగ్గినందువల్ల ఫలానా తేదీ నుంచి ఉద్యోగం నుంచి తొలగిస్తున్నాము."

రెండు, ఏ డబ్బు దేనికో విడివిడిగా రాయించుకోండి: ఆగిన జీతం, నోటీసు జీతం, పరిహారం, గ్రాట్యుటీ. "మొత్తం ముట్టింది" అని ఒకే మాటలో ఒప్పుకుంటే తర్వాత గ్రాట్యుటీ అడగడం కష్టమవుతుంది.

మూడు, ఇది చాలామందికి తెలియదు. కొట్టు అకౌంటెంట్ నెలనెలా ఈఎస్ఐ వివరాలు ఆన్‌లైన్‌లో వేస్తారు. మీ పనిరోజులు సున్నా అయిన నెలలో కారణానికి ఒక నంబరు పెట్టాలి. 2 అంటే ఉద్యోగం మానేశారు. 10 అంటే రిట్రెంచ్‌మెంట్. అలవాటుగా 2 కొట్టేయడం సులువు. "అన్నా, నన్ను తీసేశారు కదా, 10 వేయండి" అని అకౌంటెంట్‌ని ఆ రోజే అడగండి. కాగితంలో, కంప్యూటర్‌లో ఒకే కారణం ఉండాలి.

నాలుగు, సంతకం పెట్టిన ప్రతి కాగితానికీ ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

దరఖాస్తు ఎలా?

మొదటి పథకానికి ఉద్యోగం పోయిన 30 రోజుల తర్వాత దరఖాస్తు చేయొచ్చు. ఈఎస్ఐ వెబ్‌సైట్‌లో మీ 10 అంకెల ఇన్సూరెన్స్ నంబరుతో లాగిన్ అయి పూర్తిచేసి, మీ బ్రాంచి ఆఫీసులో ఇవ్వాలి. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ నకలు దగ్గర పెట్టుకోండి. ఆధార్‌లో, బ్యాంకులో, ఈఎస్ఐలో పేరు ఒకేలా ఉందో చూసుకోండి. దరఖాస్తును యజమాని ద్వారా పంపాల్సిన పని లేదు, నేరుగా మీరే ఇవ్వొచ్చు. రెండో పథకానికి యూఏ-1 ఫారం కావాలి.

మధ్యలో వేరే పని దొరికితే ఆ తేదీ వరకే భృతి వస్తుంది. చేరిన సంగతి దాచకండి.

సందేహం ఉంటే ఈఎస్ఐ ఉచిత ఫోన్ నంబరు 1800-11-2526.

ఇప్పటికే సంతకం పెట్టేశాను, ఎలా?

అంతా అయిపోయిందనుకోకండి. ముందు యజమానిని కలిసి, జరిగింది జరిగినట్టు లెటర్ ఇమ్మని మర్యాదగా అడగండి. భృతి ఇచ్చేది ఈఎస్ఐ, యజమాని కాదు. ఒప్పుకోకపోతే, "రేపటి నుంచి రావద్దు" అన్న వాట్సాప్ మెసేజీలు, మీతోపాటు తీసేసినవారి పేర్లు, జీతం పడిన బ్యాంకు వివరాలు పట్టుకుని లేబర్ ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. రసీదు తీసుకోండి. దరఖాస్తులో మాత్రం జరగని మాట రాయకండి.

వైద్యం సంగతి

ఉద్యోగం పోయిన రోజే ఈఎస్ఐ కార్డు పనికిరాకుండా పోదు. ఏప్రిల్-సెప్టెంబరు మధ్య 78 రోజులకు చందా పడి ఉంటే, దాని ఫలితం వచ్చే జనవరి నుంచి జూన్ వరకు ఉంటుంది. ఇంట్లో షుగరు, బీపీ మందులు వాడే పెద్దవాళ్ళు ఉంటే గుణదల ఈఎస్ఐ ఆసుపత్రికి వెళ్ళడం మానేయకండి. కార్డు ఎప్పటివరకు చెల్లుతుందో మీ డిస్పెన్సరీలో కనుక్కోండి.

చివరిగా ఒక మాట. ఎనిమిదేళ్ళు పనిచేసిన చోట కాగితం చదువుతానంటే యజమాని ఏమనుకుంటారోనని మొహమాటం ఉంటుంది. "ఇంటికి తీసుకెళ్ళి చదివి రేపు ఇస్తానండీ" అనండి. అది అమర్యాద కాదు. ఆ ఒక్క రాత్రిలో ఈ పీడీఎఫ్ పక్కన పెట్టుకుని మొదటి వాక్యం చూడండి.