ఆనకట్టకు యంత్రపు సలహా

పెద్దలారా! సున్నిపెంట చెంతనున్న శ్రీశైలము ఆనకట్టకు 12 తలుపులు, 885 అడుగుల పూర్ణమట్టము కలవు. 2009 అక్టోబరు వరద ఆ మట్టమును మించెను. ఎగువనున్న కర్నూలు మునిగెను. అట్టివేళ కొలతలే దిక్కు.

వానను, ప్రవాహమును, మట్టమును కొలుచు పరికరములు వేర్వేరు వార్తలు తెచ్చును. ఒకటి చెడినచో నేమి గతి? రచ్చబండకడ సాక్షులను పోల్చిచూచు మీవలెనే అనుభవజ్ఞుడగు ఇంజనీరు, ‘తలుపులు మూసియుండ, ప్రవాహము పెరిగియు మట్టము కదలనిచో, మట్టపు పరికరమును శంకింపుము’ అనును. ఇట్టి సూత్రములను గణనయంత్రమునకు నేర్పినచో నిపుణవ్యవస్థ యగును. అది శంకించిన పరికరమును విడిచి, తక్కినవానిని మాటిమాటికి చదివించును. 1970 దశకమున అమెరికాలో వైద్యమునకై ‘మైసిన్’ ఇట్లే పుట్టెను.

అయినను సూత్రమున కందని వరద వచ్చిన యంత్రము దారితప్పును. కావున తలుపెత్తు తుదిమాట మనుష్యునిదే కావలెనని నా మనవి.