తూము తెరిచారు సరే, తిప్పే చెయ్యేదీ?

"డాప్లర్ స్కానింగులో బిడ్డ మెదడుకి రక్తం మామూలుకన్నా ఎక్కువ వెళ్తోందన్నారు. మంచిదే కదా, మరి డాక్టరమ్మ మొహం ఎందుకలా అయిపోయింది?" కాబోయే అమ్మమ్మ ఒకావిడ రాసిన ఉత్తరం ఇది. ఈ నెలకి వేరే సంగతి సిద్ధం చేసుకున్నాను గానీ, ఇది చదివాక దాన్ని పక్కన పడేశాను.

మొదటి పాఠం గబగబా ముగిద్దాం. కడుపులో బిడ్డకి ఆక్సిజన్ మాయ నుంచి బొడ్డుతాడు గుండా వస్తుంది. తల్లి ధమనుల్లో ఆక్సిజన్ పీడనం 95 మిల్లీమీటర్ల దాకా ఉంటే, బిడ్డకి చేరేది 30కి అటూ ఇటూ. 'గర్భంలో ఎవరెస్టు' అని పాతతరం శాస్త్రజ్ఞులు చమత్కరించేవారు. బిడ్డ హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ మీద పట్టెక్కువ కనుక ఆ మాత్రంతోనే గడిచిపోతుంది. మాయ సరిగా పనిచేయక ఆ కాస్తా తగ్గితేనే చిక్కు.

అప్పుడు జరిగేది కరువు ఏడాది కాలువ మీద జరిగేదే. ఉన్న నీళ్లు ఒక చేనుకి మళ్లించి మిగతా తూములు బిగించేస్తారు. మెదడు, గుండె నాళాలు విచ్చుకుంటాయి. పేగులకీ మూత్రపిండాలకీ వెళ్లేవి ముడుచుకుంటాయి. నెలలు నిండేకొద్దీ ఉమ్మనీరు చాలావరకు బిడ్డ మూత్రమే కాబట్టి అదీ తగ్గుతుంది. "ఉమ్మనీరు తక్కువుందట" అనే మాట వెనక ఒక్కోసారి ఉండేది ఈ తూముల కథే.

ఈ మళ్లింపుకి 'బ్రెయిన్ స్పేరింగ్' అని పేరు పెట్టారు, మెదడు గట్టెక్కిందన్నట్టు. నా కోపమంతా ఆ పేరు మీదే. చాలాకాలం వైద్యులూ దాన్ని నమ్మి ఊరటపడ్డారు. తీరా అలాంటి పిల్లల్ని పెద్దయ్యాక పరీక్షిస్తే కొందరు చదువులో, ప్రవర్తనలో వెనకబడి కనిపించారు.

ఎందుకన్నది గొర్రెలు చెప్పాయి. కాలిఫోర్నియాలో లోమా లిండా విశ్వవిద్యాలయానికి చెందిన లారెన్స్ లాంగో, విలియం పియర్స్ బృందాలు చూడి గొర్రెల్ని వైట్ మౌంటెన్ మీద, 3,820 మీటర్ల ఎత్తున, సుమారు 110 రోజులు ఉంచాయి. గొర్రె మోసేదే ఐదు నెలలు! తర్వాత కడుపులోని పిల్లల మెదడు ధమనులు చూస్తే గోడలు మందమెక్కాయి. మందమైతే బలం పెరగాలిగా? పట్టు తగ్గింది. నాళం గోడలోని నునుపు కండర కణాలు బిగించే పని వదిలి పెరిగే పనిలో పడ్డాయి. తూము తిప్పాల్సిన కాలువ లస్కరు తాపీ పట్టుకుని గట్టు కట్టడానికి పోయినట్టు!

ఆ తాపీ చేతికిచ్చిన వాళ్లలో వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ ఒకటి. ఆక్సిజన్ తగ్గగానే హిఫ్ అనే అణువు కణంలో పోగుపడి దీన్ని పుట్టిస్తుంది (హిఫ్ గుట్టు విప్పినవాళ్లకే 2019 నోబెల్). వీఈజీఎఫ్ పని కొత్త కేశనాళికలు మొలిపించడం, అంతే అని పాఠ్యపుస్తకాలు చెప్పేవి. నేనూ అలాగే బట్టీపట్టాను. పియర్స్ బృందం గొర్రెపిల్లల ధమని ముక్కల్ని ఒక్కరోజు వీఈజీఎఫ్‌లో ఉంచితే, ఆక్సిజన్‌కి ఏ లోటూ లేకుండానే, కొండమీద వచ్చిన మార్పుల్లో కొన్ని కండరంలో వచ్చేశాయి.

పట్టు సడలిన నాళం ఒత్తిడికి అడ్డు నిలవలేదు. బీపీ ఎగిరితే ఆ పోటు నేరుగా లోపలి సన్ననాళాల మీద పడుతుంది. నెలలు నిండని బిడ్డల్లో అవి మరీ పెళుసు.

బిడ్డ మెదడు దెబ్బతింటే, "పుట్టగానే ఏడవలేదండీ, అందుకే ఇలా" అంటుంటారు తల్లులు. 1861లో లండన్ డాక్టర్ విలియం లిటిల్ చెప్పిందీ దాదాపు అదే, నష్టమంతా కాన్పులోనే అని. 1897లో దాన్ని కాదన్నది ఎవరో తెలుసా? సిగ్మండ్ ఫ్రాయిడ్! కష్టకాన్పు అంతకుముందే కడుపులో మొదలైన తేడాకి ఫలితం కావచ్చన్నాడు. కలల జోలికి పోకముందు ఆయన నరాల వైద్యుడు మరి. ఆ మాట చెవికెక్కడానికి దాదాపు వందేళ్లు పట్టింది.

ఇప్పటికీ పూర్తిగా ఎక్కలేదనే నా అనుమానం. ఊపిరందక పుట్టిన బిడ్డల్ని 72 గంటలు చల్లబరిచే చికిత్స సంపన్న దేశాల్లో పనిచేసింది. భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలో 408 మంది మీద చేసిన హెలిక్స్ పరీక్షలో (2021) మేలు చేయకపోగా మరణాలు పెరిగాయి. ఇక్కడి బిడ్డల్లో దెబ్బ కాన్పుకి ముందే తగిలి ఉండొచ్చన్నది ఒక వివరణ.

అమ్మమ్మగారూ, స్కానింగుకి మళ్లీ మళ్లీ రమ్మంటే విసుక్కోకండి. తూము తెరుచుకుందని ఒక్క స్కాను చెప్పగలదు. ఎన్నాళ్లుగా తెరిచే ఉందో తెలియాలంటే మళ్లీ చూడాల్సిందే.