మడమ ముందుకు తిరిగిన కాలు

ఎముక క్యాన్సర్ వచ్చిన చిన్నారికి చీలమండే మోకాలవుతుంది. చూపుకి వింతగా ఉన్నా, ఆ కాలు పరిగెడుతుంది.

సెప్టెంబరు పిల్లల క్యాన్సర్ అవగాహన మాసం. ఎముక క్యాన్సర్ మీద ముఖచిత్ర కథనం శుక్రవారానికల్లా ఇవ్వమన్నారు ఎడిటర్. మందులు, ఖర్చుల వివరాలు వెతుకుతూ ఒక వైద్యగ్రంథంలోని ఎక్స్‌రే దగ్గర ఆగిపోయాను. తొడ ఎముకకు నేరుగా పిక్క ఎముక అతికి ఉంది. మోకాలు ఉండాల్సిన ఎత్తులో చీలమండ, దాని కింద వెనక్కి తిరిగిన పాదం. ఈ శస్త్రచికిత్స పేరు రొటేషన్‌ప్లాస్టీ.

కాలు ఉంచుతారా, తీసేస్తారా?

పిల్లల్లో ఎక్కువగా కనిపించే ఎముక క్యాన్సర్ ఆస్టియోసార్కోమా. ఎముక వేగంగా పెరిగే మోకాలి చుట్టే అది ఎక్కువగా వస్తుంది. ముందు సుమారు పది వారాలు కీమో, తర్వాత ఆపరేషన్, మళ్లీ కీమో. ఆపరేషన్ తేదీ దగ్గరపడేకొద్దీ తల్లిదండ్రులు అడిగేది పై ప్రశ్నే.

ఎదుగుదల ముగిసిన కుర్రాడికైతే గడ్డ ఉన్న ఎముక తీసి లోహపు కీలు అమర్చవచ్చు. ఏడేళ్ల బిడ్డ సంగతి వేరు. కాలి పొడవులో దాదాపు మూడింట రెండొంతుల పెరుగుదల మోకాలి దగ్గరే జరుగుతుంది. గడ్డతో పాటు ఆ పెరిగే భాగమూ పోతే, రెండో కాలు ఎదుగుతుంటే ఇది వెనకబడిపోతుంది. పొడవు పెంచగలిగే ఇంప్లాంట్లు ఉన్నాయి. ఖరీదు ఎక్కువ, ఇన్‌ఫెక్షన్ భయం ఉంటుంది, మళ్లీ మళ్లీ ఆపరేషన్లు తప్పకపోవచ్చు. గంతులు, ఆటలు తగ్గించుకోమంటారు.

రొటేషన్‌ప్లాస్టీలో గడ్డ ఉన్న భాగాన్ని మోకాలితో సహా తీసేస్తారు. పాదానికి వెళ్లే ప్రధాన నరాన్ని మాత్రం తెగనివ్వరు. మిగిలిన కింది కాలిని సగం చుట్టు తిప్పి, పైకి జరిపి, తొడ ఎముకకు బిగిస్తారు. ఇప్పుడు మడమ ముందు, వేళ్లు వెనక; చీలమండే మోకాలి కీలు. ఆ పాదానికి కృత్రిమ కాలు తొడుగుతారు. వేళ్లు కిందికి చాపితే కృత్రిమ కాలు నిటారవుతుంది, పైకి లేపితే ముడుచుకుంటుంది. తన కండరాలతో, తన నరాలతో బిడ్డే ఆ కీలును నడుపుతుంది. ఎముక అతికి, వ్యాయామాలు సాగాక పరుగు, సైకిలు, ఈత అన్నీ సాధ్యమే. గడ్డ ఆ నరాన్ని చుట్టేసి ఉంటే మాత్రం ఇది కుదరదు.

గతం క్లుప్తంగా

1927లో జర్మన్ వైద్యుడు బోర్‌గ్రేవే క్షయతో పాడైన మోకాలికి ఈ పద్ధతి వాడాడు. 1970లలో వియన్నా వైద్యులు క్యాన్సర్‌కు అన్వయించారు. కీమో రాకముందు కాలు తీసేసినా ఎక్కువమంది దక్కేవారు కాదు. ఇప్పుడు వ్యాధి పాకకముందే పట్టుకుంటే మూడింట రెండొంతుల మంది బతుకుతున్నారు. ఈ కీమోలో చాలాచోట్ల వాడే మెథోట్రెక్సేట్ వెనక భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం కృషి ఉంది.

బాక్స్: ఈ నొప్పిని వదలొద్దు

• రాత్రిళ్లు నిద్రలేపే నొప్పి, తగ్గని వాపు, కారణం లేని కుంటుడు ఉంటే ఎక్స్‌రే తీయించండి.
• మర్దనలు, పసరు కట్లు వద్దు.
• ఆపరేషన్ చేయబోయే బృందమే బయాప్సీ చేయడం మంచిది. పరీక్షకు ముక్క తప్పు చోట తీస్తే కాలు నిలిపే అవకాశం పోవచ్చు.
• ఖర్చు విషయమై ఆసుపత్రిలోని ప్రభుత్వ ఆరోగ్య పథకం సహాయకులను అడగండి.

నా మాట

“ఆడపిల్ల, రేపు పెళ్లెలా?”, “నలుగురూ ఏమంటారు?” అనే భయాలు ఈ ఆపరేషన్‌కు అడ్డుపడతాయి. ఆ భయాన్ని తేలిక చేయను. కానీ ఈ చికిత్స పొంది పెద్దవాళ్లయినవారి మీద జరిగిన అధ్యయనాల్లో, జీవితం పట్ల సంతృప్తిలో వాళ్లు ఇతరులకు తీసిపోలేదు. అందంగా కనిపించే కాలు కన్నా ఆడుకోనిచ్చే కాలే బిడ్డకు ముఖ్యమని నా నమ్మకం. కాబట్టి సంతకం పెట్టేముందు సర్జన్‌ను అడగండి: “మా బిడ్డకు రొటేషన్‌ప్లాస్టీ పనికొస్తుందా?” వీలైతే అది చేయించుకున్నవారిని కలవండి. బిడ్డకూ అర్థమయ్యేలా చెప్పి, తన మాట వినండి.