బుడ్డ అనగానే నవ్వకండర్రా

నవ్వారుగా, అయిందా? ఇక వినండి. మా చిన్నతనంలో పెనుగొండ బజార్లో పంచె బాగా వదులుగా కట్టుకుని, కాళ్ళు ఎడంగా వేస్తూ నడిచే పెద్దవాళ్ళు చాలామందే కనిపించేవారు. ఎవరూ ఆగి చూసేవారు కాదు. ‘ఆయనకి వరిబీజం’ అనేసి ఎవరి పని వాళ్ళు చూసుకునేవారు. మన గోదావరి జిల్లాల్లో బోదకాళ్ళకీ బుడ్డలకీ కరువు లేదు మరి.

ఈ రెండూ ఒకే పురుగు పని. పేరు ఉకరేరియా బాంక్రాఫ్టి. క్యూలెక్స్ దోమ మోసుకొస్తుంది. ఆ దోమ పుట్టేది పారే పంటకాలవలో కాదు, ఇళ్ళ పక్కన నిలిచిపోయిన మురుగులో. పెద్ద పురుగులు మన శోషనాళాల్లో ఏళ్ళ తరబడి కాపరం ఉంటాయి. ఆడది 8 నుంచి 10 సెంటీమీటర్లు పొడవుంటుంది. వాటి పిల్లలు పగలంతా ఊపిరితిత్తుల్లో దాక్కుని, దోమలు కుట్టే రాత్రివేళకి పైనెత్తురులోకి వస్తాయి. అందుకే ఈ రోగానికి, అంటే ఫైలేరియాకి, పరీక్ష చేసేవాళ్ళు రాత్రి పది దాటాక తలుపు కొట్టేవారు. మంచి నిద్రలో లేపి, వేలు పొడిచి, నెత్తురు చుక్కని గాజుపలక మీద పూసుకుని పోయేవారు. తిట్లు కూడా తినేవారు పాపం. ఆ పని నేర్పడానికి దేశం మొత్తంలో పెట్టిన మూడు కేంద్రాల్లో ఒకటి మన రాజమండ్రిదే. మిగతా రెండూ కాలికట్, వారణాసి.

సరే, నీరు ఎందుకు చేరుతుంది? వృషణం చుట్టూ రెండు పొరలుంటాయి. వాటి నడుమ ఎప్పుడూ కాస్త తడి ఊరుతుంది, ఊరినదాన్ని శోషనాళాలు లాగేస్తాయి. పురుగు ఆ నాళాల్ని పాడుచేస్తే ఊరడమే తప్ప లాగడం ఉండదు. అంతే, బుడ్డ. లోపలి వృషణానికి చాలాసార్లు ఏమీ కాదు. ఆపరేషన్‌లో కూడా నీరు తీసేసి, పొరని కోసో తిరగేసి కుట్టో, వృషణాన్ని మళ్ళీ దాని చోట్లో పెట్టేస్తారు. ఇది తెలియక, కత్తి పెడితే మగతనం పోతుందని హడలిపోయి, బరువు మోసుకుంటూనే బతుకు వెళ్ళదీసినవాళ్ళు మన వైపు ఎందరో. కొందరు ఆరెంపీ దగ్గర సిరంజీతో నీరు తీయించుకునేవారు. నాలుగు నెలలు తిరక్కుండా మళ్ళీ నిండేది.

ఆ పురుగు మీద మందు కనిపెట్టినవాళ్ళకి పెద్దాయన మనదేశంలో, అదీ మన భీమవరంలో 1895లో పుట్టినవాడు. ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవులకెళ్ళిన అమెరికా సిపాయిలకి ఈ పురుగు పట్టి, బీజాలు వాచి, పిల్లలు పుట్టరేమోనని బెంగపడ్డారు. అప్పుడు గానీ అమెరికాకి దీని మీద శ్రద్ధ కలగలేదు! లెడర్లీ కంపెనీలో సుబ్బారావు గారి బృందం ఎలకల మీద, కుక్కల మీద పరీక్షించి 1947లో డీఈసీ మందు బయటపెట్టింది. 2004 నుంచి ఫైలేరియా జిల్లాల్లో ఏడాదికోసారి మింగించిన మాత్రల్లో ఇదొకటి. పురుగు పిల్లల్ని చంపుతుంది, ఒకరి నుంచి ఒకరికి పాకకుండా ఆపుతుంది. అప్పటికే దిగిన బుడ్డని మాత్రం తగ్గించలేదు. దానికి కత్తే.

బుడ్డలు మనకి మరీ అలవాటైపోవడంతో వచ్చిన చిక్కొకటుంది. వాపు కనిపిస్తే చాలు, నీరే అనుకుంటాం. చీకటిగదిలో టార్చి ఆనించి చూస్తే నీరున్న బుడ్డ ఎర్రగా వెలుగుతుంది. గట్టి గడ్డ వెలగదు. కానీ గడ్డ చుట్టూ నీరూ చేరొచ్చు, పాతబడ్డ బుడ్డ వెలగకపోనూ వచ్చు. కాబట్టి టార్చితో సరిపెట్టుకోకుండా స్కానింగ్ తీయించాలి. వృషణం క్యాన్సర్ అరుదే గానీ, వస్తే ఎక్కువగా పదిహేను నలభై ఏళ్ళ మధ్యలోనే వస్తుంది. నొప్పి కూడా ఉండకపోవచ్చు.

క్యాన్సరైతే ఆ వృషణాన్ని తీసెయ్యాల్సిందే. తీసేది కింద సంచీ కోసి కాదురా, గజ్జల్లోంచి. ఎందుకో చెప్పనా? తల్లి కడుపులో ఉండగా వృషణాలు పుట్టేది మూత్రపిండాల దగ్గర. కిందికి దిగుతూ తమ నెత్తురునాళాల్నీ శోషనాళాల్నీ వెంట లాక్కొస్తాయి. అందుకే అక్కడి క్యాన్సర్ పొట్టలోపలికి ఎక్కుతుంది. సంచీ తోలు దారి వేరు, గజ్జలకి పోతుంది. తెలియక సంచీలో సూది గుచ్చితే రోగానికి రెండో దారి తెరిచినట్టే. ఆరెంపీ సిరంజీ అంటే నాకు భయం అందుకే.

పాకిపోయినా ఇవాళ చాలామంది బతుకుతున్నారు. 1960లో మిన్ చియు లీ అనే డాక్టరు మూడు మందులు కలిపి ఇస్తే కొందరిలో పాకిన గడ్డలు మాయమయ్యాయి. ఆ మూడింట్లో ఒకటి మెథోట్రెక్సేట్, అదీ సుబ్బారావు గారి బృందం చేసిందే. ఆయన 1948లోనే పోయారు, చూళ్ళేదు. 1974లో డాక్టరు ఐన్‌హార్న్ సిస్‌ప్లాటిన్ అనే మందు వాడటం మొదలెట్టాక ఈ రోగం లొంగింది.

ఒకటి తీసేస్తే రెండోది హార్మోనుకీ పిల్లలకీ సాధారణంగా సరిపోతుంది. రెండూ తీస్తే వేరు, హార్మోను పడిపోతుంది. ఆ హార్మోను తగ్గిస్తే ప్రోస్టేట్ క్యాన్సర్ అణుగుతుందని హగిన్స్ అనే డాక్టరు 1941లో చూపించి, 1966లో నోబెల్ అందుకున్నాడు.

మీ ఈడు కుర్రాళ్ళకి అసలు ముప్పు ఇవేవీ కాదు, మెలిక. పందిరికి వేలాడే సొరకాయ కాడ మెలిపడితే కాయకి నీరందదు చూడండి, ఇదీ అంతే. వృషణం తన తాడు మీద తానే తిరిగిపోయి నెత్తురు ఆగిపోతుంది. ఉన్నట్టుండి భరించలేని నొప్పి, వాంతి, ఒకటి పైకి లాక్కుపోయినట్టుంటుంది. పుట్టిన చోటు పొట్ట కదా, నొప్పి పొట్టలో కూడా తెలియొచ్చు. దానికి తోడు కుర్రాడు సిగ్గుతో ‘కడుపునొప్పి’ అంటాడు, వాళ్ళమ్మ వాముకషాయం పెడుతుంది. ఆరు గంటల్లోపు కోసి మెలిక విప్పితే చాలావరకు దక్కుతుంది. తెల్లారాక చూద్దాంలే అంటే నల్లబడ్డదాన్ని తీసెయ్యడమే మిగులుతుంది. నిద్దట్లో లేచినా సరే, తణుకో భీమవరమో బయల్దేరడమే. విప్పినా, తీసినా, రెండోవైపు దాన్ని కూడా మళ్ళీ తిరక్కుండా సంచీ గోడకి కుట్టేసి పంపుతారు.