భారత సైనిక పింఛను

భారత సైనిక పింఛను అనేది సైన్యం, నౌకాదళం, వైమానిక దళాలలో నిర్ణీత కాలం పనిచేసి విరమణ పొందినవారికి కేంద్ర ప్రభుత్వం జీవితాంతం చెల్లించే నెలసరి మొత్తం. 2004లో కేంద్ర ప్రభుత్వ కొత్త ఉద్యోగుల కొరకు ప్రవేశపెట్టిన జాతీయ పింఛను పథకం త్రివిధ దళాలకు వర్తించదు.

అర్హత

జవాన్లకు, జూనియర్ కమిషన్డ్ అధికారులకు కనీసం 15 సంవత్సరాలు, కమిషన్డ్ అధికారులకు సాధారణంగా 20 సంవత్సరాల సర్వీసు ఉండాలి. 2022లో మొదలైన అగ్నిపథ్ పథకం క్రింద 4 సంవత్సరాలు పనిచేసి వెళ్ళిపోయే అగ్నివీరులకు పింఛను లేదు. సేవానిధి పేరిట ఒకేసారి కొంత మొత్తం ఇస్తారు.

లెక్కించే విధానం

చివరి నెల వేతనం, చివరి 10 నెలల సగటు వేతనం - ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దానిలో సగం పింఛను అవుతుంది. మూలవేతనంతో పాటు సైనిక సేవా వేతనాన్ని (మిలిటరీ సర్వీస్ పే) కూడా ఇందులో కలుపుతారు. 7వ వేతన సంఘం ప్రకారం జవాన్లకు ఇది నెలకు రూ. 5,200. కరువు భత్యం అదనం. జవాను నలభై ఏళ్ళకు అటూ ఇటూగానే ఇంటికి చేరతాడు కనుక, వేతనం ఇంకా పెరగవలసిన దశలోనే అతని పింఛను స్థిరపడిపోతుంది.

కమ్యుటేషన్

విరమణ సమయంలో సైనికుడు స్వయంగా నిర్ణయించుకోవలసిన ముఖ్యాంశం ఇదే. పింఛనులో కొంత భాగాన్ని వదులుకొని, దానికి బదులు ఒకేసారి సొమ్ము తీసుకోవడాన్ని కమ్యుటేషన్ అంటారు. పౌర ఉద్యోగులు 40 శాతం వరకు, సైనికులు 50 శాతం వరకు ఇలా మార్చుకోవచ్చు. ఒకసారి తీసుకున్న తరువాత మనసు మార్చుకునే వీలు లేదు.

వదులుకున్న నెలసరి మొత్తాన్ని 12తోను, వయసును బట్టి పట్టికలో ఇచ్చిన గుణకంతోను హెచ్చించాలి. నలభై ఏళ్ళవారికి ఆ గుణకం 9 కంటే కాస్త ఎక్కువ. ఉదాహరణకు, రూ. 20,000 పింఛనులో సగం వదులుకుంటే సుమారు రూ. 10,80,000 చేతికి వస్తుంది. పూర్తి పింఛను 15 ఏళ్ళ తరువాత గాని పునరుద్ధరింపబడదు. 180 నెలలలో తగ్గేది రూ. 18,00,000.

ఇది పెద్ద నష్టంగా కనిపించినా, వడ్డీగా లెక్కిస్తే ఏడాదికి సుమారు 7.5 శాతమే. పైగా కరువు భత్యాన్ని పూర్తి పింఛను మీదనే ఇస్తారు. పింఛనుదారు మధ్యలో మరణిస్తే మిగిలిన మొత్తాన్ని కుటుంబం నుండి వసూలు చేయరు. కుటుంబ పింఛను తగ్గదు. ఇల్లు కట్టుకోవడానికో, పిల్లల చదువుకో అప్పు చేయక తప్పనివారికి ఇంతకన్నా మెరుగైన షరతులు బయట దొరకడం కష్టం. సొమ్ముతో నిర్దిష్టమైన అవసరం లేనివారి విషయంలో మాత్రం ఆ మాట చెప్పలేము. చేతిలోని మొత్తం ఖర్చయిపోయినా, 15 ఏళ్ళూ సగం పింఛనుతోనే గడపాలి.

ఒకే ర్యాంకు ఒకే పింఛను

పాత వేతనాలపై విరమణ చేసినవారికి, అదే హోదాలో అంతే కాలం పనిచేసి తరువాత విరమించినవారికన్నా తక్కువ పింఛను వచ్చేది. ఈ తేడాను తగ్గించడానికి 2015 నవంబరులో ప్రభుత్వం ఉత్తర్వులిచ్చి, 2014 జూలై 1 నుండి అమలు చేసింది. 2013లో విరమణ చేసినవారి కనిష్ఠ, గరిష్ఠ పింఛనుల సగటును ప్రాతిపదికగా తీసుకున్నారు. అంతకంటే ఎక్కువ పొందుతున్నవారికి తగ్గించలేదు. ఐదేళ్ళకొకసారి సవరించే ఈ విధానాన్ని సుప్రీంకోర్టు 2022 మార్చిలో సమర్థించింది.